పెన్ను విద్యార్థి చేతిలో ఉండాలి: లెక్కలు, ఫిజిక్స్ ట్యూషన్ ఎప్పుడు పనిచేస్తుంది

లెక్కలైనా ఫిజిక్స్ అయినా, ఒక ట్యూషన్ ఎంతవరకు పనిచేస్తోందో తెలుసుకోవాలంటే పక్కన కూర్చుని ఒక్క విషయం గమనిస్తే చాలు. గంటలో ఎక్కువసేపు పెన్ను ఎవరి చేతిలో ఉంది? చాలాచోట్ల అది ట్యూటర్ చేతిలోనే ఉంటుంది. ఆయన ఓపిగ్గా, అందంగా, మెట్టు మెట్టుగా లెక్క చేసుకుంటూ పోతారు. విద్యార్థి తలాడిస్తూ చూస్తుంటాడు. మధ్యలో రెండుమూడుసార్లు "అర్థమైందా?" అన్న ప్రశ్న, "ఆ, అర్థమైంది" అన్న జవాబు. ఇద్దరూ తృప్తిగానే లేస్తారు. మర్నాడు అదే లెక్కను అంకెలు మార్చి ఇస్తే, మొదటి లైను దగ్గరే పెన్ను ఆగిపోతుంది.

ఇందులో ఎవరి చిత్తశుద్ధినీ శంకించాల్సిన పని లేదు. చూసి అర్థం చేసుకోవడం వేరు, సొంతంగా చేయడం వేరు. మొదటిది వచ్చినంత మాత్రాన రెండోది రాదు. ఒడ్డున కూర్చుంటే ఈత రాదని అందరూ ఒప్పుకుంటారు, లెక్కల దగ్గరికి వచ్చేసరికి ఆ సంగతి మర్చిపోతారు. చేతితో నేర్చుకోవడం అనగానే బ్యాటరీలు, బల్బులు, అట్టముక్కలే గుర్తొస్తాయి. అవి అందులో సగం మాత్రమే. కాగితం మీద రాసే ప్రతి లైనూ విద్యార్థి చేతి నుంచే రావడం మిగతా సగం. ఆ సగం లేకపోతే ఎన్ని పరికరాలు తెచ్చినా అవి చూసి ఆనందించే వస్తువులుగానే మిగిలిపోతాయి.

ఒక్కొక్కరినే కూర్చోబెట్టి చెప్పడంలో ఎంత బలం ఉందన్న చర్చ 1984లో విద్యా పరిశోధకుడు బెంజమిన్ బ్లూమ్ రాసిన వ్యాసంతో ఊపందుకుంది. విడిగా ట్యూటర్ దగ్గర నేర్చుకున్న సగటు విద్యార్థి, మామూలు తరగతిలో కూర్చున్నవాళ్లలో 98 శాతం మంది కంటే మెరుగ్గా ఉన్నాడని ఆయన చూపించారు. గణాంకాల భాషలో అది 2 ప్రామాణిక విచలనాల తేడా (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత అది). ఆ అంకె ఇప్పటికీ ట్యూషన్ ప్రకటనల్లో కనిపిస్తుంటుంది, కానీ దాన్ని ఉన్నదున్నట్టు నమ్మడం మంచిది కాదు. ఆ ప్రయోగాల్లో ట్యూటర్ ఉండటంతో పాటు, ఒక పాఠం గట్టిగా వచ్చేదాకా తర్వాతి పాఠానికి పోకూడదన్న నియమం కూడా ఉంది. 2011లో కర్ట్ వాన్‌లెన్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, మనుషులు చెప్పే ట్యూషన్ ప్రభావం అదే కొలతలో 0.79 దగ్గర తేలింది. రెండు కాకపోయినా అది చిన్నదేమీ కాదు.

ఆ సమీక్షలో అంతకంటే విలువైన సంగతి ఇంకొకటి ఉంది. కంప్యూటర్ ట్యూటర్లను ఆయన రకాలుగా విడదీశారు. చివరి జవాబు మాత్రమే చూసి తప్పో ఒప్పో చెప్పే వాటి ప్రభావం 0.31. మధ్యలోని ప్రతి మెట్టూ చూసి అక్కడికక్కడ స్పందించే వాటిది 0.76, అంటే దాదాపు మనిషి ట్యూటర్‌తో సమానం. మనిషి చిరునవ్వు, అనుభవం, వాక్చాతుర్యం ఇవన్నీ పక్కన పెట్టినా ఫలితం పెద్దగా తగ్గలేదంటే, బలమంతా మెట్టు దగ్గరే ఉందన్నమాట. విద్యార్థి తప్పు మెట్టు వేసిన క్షణంలో పక్కన ఎవరో దాన్ని చూడటం, ఆ మెట్టు గురించే మాట్లాడటం. తరగతి గదిలో దొరకనిది అదే. ట్యూటర్ తానే లెక్క చేసి చూపిస్తే ఆ ఒక్క లాభమూ పోతుంది, ఎందుకంటే అప్పుడు కనిపించేవి ట్యూటర్ మెట్లే.

దీన్ని మరో వైపు నుంచి మిషెలీన్ చీ బృందం 2001లో పరీక్షించింది. ట్యూటర్లు వివరించకూడదు, తప్పును సరిదిద్దకూడదు, "ఇంకొంచెం చెప్పు", "అలా ఎందుకు అనుకున్నావు?" లాంటి మాటలతో విద్యార్థి చేత మాట్లాడించాలి అని షరతు పెట్టారు. అలా నేర్చుకున్నవాళ్లు, ట్యూటర్లు స్వేచ్ఛగా వివరించిన గుంపుకు తీసిపోలేదు. బాగా వివరించగలగడమే తమ బలమని నమ్మే ట్యూటర్లకు ఈ ఫలితం మింగుడుపడదు. కానీ ఒక మామూలు లెక్క దగ్గర ఆగి చూస్తే ఇది ఎలా జరుగుతుందో తెలుస్తుంది.

బీజగణితం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న ఒక అమ్మాయి ముందు ఈ సమీకరణం ఉందనుకుందాం: 12 − 2(ఎక్స్ − 3) = 10. ఆమె రెండో లైనులో 12 − 2ఎక్స్ − 6 = 10 అని రాసింది. ఆ తర్వాత అంతా తప్పులేకుండా చేసుకుంటూ పోయి, ఎక్స్ విలువ −2 అని తేల్చింది. జవాబు మాత్రమే చూసేవాళ్లు "తప్పు, 4 రావాలి" అంటారు. లైను చూసేవాళ్లకు బ్రాకెట్ విప్పేటప్పుడు గుర్తు పోయిందని తెలుస్తుంది. అయితే అక్కడితో పని అయిపోదు. ఎందుకు పోయింది? తొందరలో పోయి ఉండొచ్చు. బ్రాకెట్ బయటి మైనస్ మొదటి పదానికి మాత్రమే వర్తిస్తుందని ఆమె అనుకుంటూ ఉండొచ్చు. మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ అన్న మాట నోటికి వచ్చినా, ఇక్కడ గుణకారం జరుగుతోందనే సంగతి కనబడకపోయి ఉండొచ్చు. మూడింటి ఫలితమూ కాగితం మీద ఒకేలా ఉంటుంది, మూడింటికీ మందు వేరు.

ఇలాంటప్పుడు నేర్పరి ట్యూటర్ తప్పు చూపించరు. "వచ్చిన −2ని మొదటి లైనులో పెట్టి చూడు" అంటారు. ఆమె పెడుతుంది: 12 − 2(−5), అంటే 22. కావలసింది 10. ఇప్పుడు తప్పు ఉందని ట్యూటర్ చెప్పక్కర్లేదు, లెక్కే చెప్పింది. ఎక్కడుందో వెతకడానికి ఇంకో చిన్న పని ఇస్తారు: ఎక్స్ బదులు 5 పెట్టి, 12 − 2(5 − 3) ఎంతో రెండు దారుల్లో చేయమంటారు. బ్రాకెట్ లోపల ముందు చేస్తే 12 − 4, అంటే 8. తను విప్పిన పద్ధతిలో చేస్తే 12 − 10 − 6, అంటే −4. ఒకే లెక్కకు రెండు జవాబులు వచ్చేసరికి పెన్ను కాసేపు ఆగుతుంది. ఆ ఆగడాన్ని ట్యూటర్ మాటలతో నింపకూడదు. ట్యూషన్‌లో అన్నిటికంటే కష్టమైన నైపుణ్యం ఇదే. పది, పదిహేను సెకన్ల నిశ్శబ్దం గంటకు డబ్బు తీసుకునేవారికి చాలా ఇబ్బందిగా ఉంటుంది. కానీ ఆ అమ్మాయి "ఆ 6 కలపాలా?" అని అనేది ఆ పదిహేను సెకన్ల తర్వాతే. అప్పుడు "ఎందుకు కలపాలి?" అని అడిగితే, మూడు కారణాల్లో ఏది అసలు కారణమో ఆమె మాటల్లోనే బయటపడుతుంది.

"అర్థమైందా?" అన్న ప్రశ్న గురించి ఇక్కడే చెప్పుకోవాలి. ఆర్థర్ గ్రేసర్, నటాలీ పర్సన్ 1994లో ప్రచురించిన పరిశీలనలో, ఈ ప్రశ్నకు విద్యార్థులిచ్చే జవాబు నమ్మదగింది కాదని తేలింది. పైగా "అర్థం కాలేదు" అని ధైర్యంగా చెప్పేవాళ్లు ఎక్కువగా బాగా చదివేవాళ్లే. ఏది తెలియదో తెలియాలన్నా కొంత తెలిసి ఉండాలి కదా. వెనకబడినవాళ్లకు ఆ వీలు కూడా ఉండదు. అందుకే ఆ ప్రశ్న బదులు "తర్వాతి లైను నువ్వు రాయి" అనడం మేలు. అదే పరిశీలనలో ఇంకో సంగతి: ట్యూషన్‌లో ఒక విద్యార్థి గంటకు దాదాపు 26 ప్రశ్నలు అడిగితే, తరగతి గదిలో ఒక్కో విద్యార్థి వాటా గంటకు 0.11 మాత్రమే. అంటే తొమ్మిది గంటలకు ఒక ప్రశ్న.

సమీకరణాలు రాయడంలోనూ ఇదే కథ. 1981లో జాన్ క్లెమెంట్, ఆయన సహచరులు ఒక చిన్న వాక్యం ఇచ్చారు: ఈ యూనివర్సిటీలో ఒక్కో ప్రొఫెసర్‌కు ఆరుగురు విద్యార్థులున్నారు, దీన్ని సమీకరణంగా రాయండి. ఇంజినీరింగ్ చదువుతున్నవాళ్లలోనే 37 శాతం మంది తప్పు రాశారు. ఎక్కువమంది చేసిన తప్పు ఒకటే. విద్యార్థుల సంఖ్యను 'వి', ప్రొఫెసర్ల సంఖ్యను 'ప్రొ' అనుకుంటే, 6వి = ప్రొ అని రాశారు. వాక్యంలోని మాటల వరసను అలాగే గుర్తుల్లోకి దించారు. ఇక్కడ వివరణ కంటే ఆరు గుండీలు, ఒక నాణెం బాగా పనిచేస్తాయి. నాణెం ప్రొఫెసర్, గుండీలు విద్యార్థులు. బల్ల మీద పేర్చి, లెక్కబెట్టి, ఆ అంకెలను తను రాసిన సమీకరణంలో పెట్టమంటే, ఆరు ఆర్లు ఒకటి అని వస్తుంది. అక్షరం అంటే మనిషి కాదు, సంఖ్య అన్న సంగతి అప్పుడు చేతికి అందుతుంది.

ఫిజిక్స్‌లో పరిస్థితి ఇంకా క్లిష్టం. లెక్కల్లో విద్యార్థి మనసు ఖాళీగా అయినా ఉండొచ్చు, ఫిజిక్స్‌లో అది ఎప్పుడూ ఖాళీగా ఉండదు. పుట్టినప్పటినుంచి వస్తువులను తోసి, విసిరి, పడేసి ప్రతి ఒక్కరూ ఒక సొంత యంత్రశాస్త్రం తయారుచేసుకుని ఉంటారు. కదలాలంటే బలం ఉండాలి, బరువైనది త్వరగా పడుతుంది, కరెంటు బల్బులో ఖర్చయిపోతుంది. ఈ నమ్మకాలు సూత్రాల కింద చెక్కుచెదరకుండా ఉండిపోతాయి. రిచర్డ్ హేక్ 1998లో 62 కోర్సుల్లోని 6000 మందికి పైగా విద్యార్థుల ఫలితాలు సేకరించారు. ఉపన్యాసం విని నేర్చుకున్న తరగతుల్లో, మొదట తెలియని దానిలో సగటున 23 శాతమే కొత్తగా తెలిసింది. చేతులకు, మెదడుకు పని పెట్టి, వెంటనే చర్చించిన తరగతుల్లో అది 48 శాతం.

అయితే ప్రయోగం చూపిస్తే సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే. హార్వర్డ్‌లో కేథరిన్ క్రౌచ్, ఎరిక్ మజూర్ తదితరులు 2004లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, తరగతిలో ప్రయోగం చూసి ఊరుకున్నవాళ్లకు, అసలు చూడనివాళ్ల కంటే పెద్దగా ఎక్కువేమీ అర్థం కాలేదు. ఏం జరుగుతుందో ముందే ఊహించి చెప్పినవాళ్లు మాత్రం మెరుగయ్యారు. కాబట్టి పరికరం ముట్టుకునే ముందు కాగితం మీద అంచనా రాయించడం తప్పనిసరి. నోటితో చెప్పిన అంచనాను మనిషి తర్వాత తనకు తెలియకుండానే మార్చేసుకుంటాడు, రాసినదాన్ని మార్చలేడు.

లోలకాన్ని తీసుకుందాం. ఖర్చు లేని ప్రయోగం: ఒక దారం, ఒక ఇనుప నట్టు, స్కేలు, ఫోన్‌లో స్టాప్‌వాచ్. దారం 25 సెంటీమీటర్లు ఉన్నప్పుడు 20 ఊపులకు (వెళ్లి తిరిగి వస్తే ఒక ఊపు) దాదాపు 20 సెకన్లు పడుతుంది. పొడవును నాలుగు రెట్లు చేసి ఒక మీటరు చేస్తే ఎంత పడుతుందో రాయమంటే, చాలామంది 80 అని రాస్తారు. కొలిస్తే 40. రాసిన 80, వచ్చిన 40 ఒకే కాగితం మీద పక్కపక్కన ఉంటాయి, దాన్ని దాటిపోవడానికి దారి లేదు. మధ్యలో 50 సెంటీమీటర్లు పెట్టి చూస్తే 28 సెకన్ల పైచిలుకు. పొడవును ఒక అక్షం మీద, కాలాన్ని ఇంకో అక్షం మీద వేస్తే గీత వంకరగా వస్తుంది. కాలాన్ని వర్గం చేసి వేస్తే తిన్నగా వస్తుంది. సూత్రంలో వర్గమూలం ఎందుకు కూర్చుందో ఆ తిన్నని గీత చూశాక ఎవరూ బట్టీ పట్టక్కర్లేదు.

ఈ ప్రయోగంలో తప్పులే అసలు పాఠం. ఇదే కొలత నుంచి గురుత్వ త్వరణం లెక్క కడితే సెకను వర్గానికి 9.8 మీటర్లు రావాలి. విద్యార్థికి 10.9 వచ్చిందనుకోండి. అలవాటైన ట్యూటర్‌కు ఆ అంకె చూడగానే సంగతి అర్థమైపోతుంది: నట్టును వదలగానే "ఒకటి" అని లెక్క మొదలుపెట్టారు, అంటే కొలిచింది 20 ఊపులు కాదు, 19. కాలంలో 5 శాతం తేడా, వర్గం చేసేసరికి జవాబులో 10 శాతానికి పైగా తేడా అయింది. ఆ మాట వెంటనే చెప్పేస్తే అది ఒక చిట్కాగా మిగులుతుంది. "ఇంకోసారి పైకి లెక్కపెడుతూ చెయ్యి, నేను వింటాను" అంటే, రెండోసారో మూడోసారో విద్యార్థికే తడుతుంది, వదిలేటప్పుడు "సున్నా" అనాలని. దారం పొడవును నట్టు పై అంచు దాకా కొలవడం, చాలా దూరం లాగి వదలడం కూడా ఇలాంటివే. 60 డిగ్రీల దాకా లాగితే ఊపుకు పట్టే కాలం దాదాపు 7 శాతం పెరుగుతుంది. "చిన్న కోణాలకు మాత్రమే" అని పుస్తకంలో సూత్రం పక్కన ఉండే మాట అప్పటిదాకా ఎవరి కంటా పడదు.

పైకి విసిరిన వస్తువు సంగతి ఇంకా ముఖ్యం. చేతిని వదిలి పైకి వెళ్తున్న నాణెం మీద ఏ బలాలు పనిచేస్తున్నాయో బాణాలు గీయమంటే, ఫిజిక్స్ చదివినవాళ్లు కూడా పైకి ఒక బాణం గీస్తారు, "చేతి బలం" అని. పైకి వెళ్లేకొద్దీ అది తగ్గుతుందని, శిఖరం దగ్గర గురుత్వంతో సరిసమానమవుతుందని చెబుతారు. చాలా పొందికైన కథ, కానీ తప్పు. 1982లో క్లెమెంటే దీన్ని పరిశీలించి, ఒక కోర్సు పూర్తయ్యాక కూడా ఈ నమ్మకం చాలామందిలో పోలేదని చూపించారు.

దీనికి ఇప్పుడు ప్రతి ఇంట్లో ఒక పరికరం ఉంది. ఫోన్‌లోని యాక్సిలరోమీటర్ అనే సెన్సర్ రీడింగ్‌ను ఫైఫాక్స్ లాంటి యాప్ చూపిస్తుంది. జర్మనీలోని ఆహెన్ యూనివర్సిటీ తయారుచేసిన ఉచిత యాప్ అది. ఫోన్‌ను బల్ల మీద పెడితే రీడింగ్ 9.8 దగ్గర ఉంటుంది. మెత్తటి పరుపు మీద కొంచెం ఎత్తుకు, తిరగకుండా ఎగరేసి పట్టుకుని గ్రాఫ్ చూస్తే, చేతిని వదిలినప్పటినుంచి మళ్లీ చేతికి వచ్చేదాకా రీడింగ్ సున్నాకు దగ్గరగా ఉంటుంది. పైకి వెళ్తున్నప్పుడూ అంతే, శిఖరం దగ్గరా అంతే, కిందికి వస్తున్నప్పుడూ అంతే.

ఇక్కడ ట్యూటర్ జాగ్రత్తగా ఉండాలి, లేకపోతే కొత్త తికమక పుడుతుంది. "సున్నా అంటే గాల్లో గురుత్వం లేదా?" అని విద్యార్థి అడుగుతాడు, అడగాలి కూడా. ఆ సెన్సర్ గురుత్వాన్ని కొలవదు. గురుత్వం కాక ఫోన్‌ను ఇంకేదైనా నెడుతోందా అన్నదే కొలుస్తుంది. బల్ల మీద 9.8 చూపించింది బల్ల పైకి నెడుతున్నందుకు. గాల్లోకి వెళ్లాక నిజంగా "చేతి బలం" మిగిలి ఉంటే, ఆ నెట్టుడు గ్రాఫ్‌లో కనిపించి తీరాలి. కనిపించలేదు. ఇంతకాలం మాటలతో జరిగిన వాదన ఇప్పుడు విద్యార్థి స్వయంగా తీసిన ఒక గ్రాఫ్‌తో తేలిపోయింది. ఆ తర్వాత మళ్లీ బాణాలు గీయించాలి. పాత బొమ్మను చెరిపేయనివ్వకూడదు, దాని పక్కనే కొత్తది గీయాలి.

విద్యుత్ వలయాల దగ్గర వస్తువులు కొంచెం మొండికేస్తాయి. ఒకే బ్యాటరీకి ఒకేరకం బల్బులు రెండు శ్రేణిలో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా కలిపితే, మొదటిది ఎక్కువ వెలుగుతుందని చాలామంది రాస్తారు, కరెంటు దారిలో ఖర్చవుతుందన్న నమ్మకంతో. కలిపి చూస్తే రెండూ సమానంగా వెలగాలి. కానీ కొన్న బల్బులు అచ్చంగా ఒకేలా ఉండవు, ఒకటి కొంచెం ఎక్కువ వెలగొచ్చు. "చూశారా, నేను చెప్పినట్టే!" అంటాడు విద్యార్థి. అప్పుడు చేయాల్సింది రెండు బల్బులనూ చోట్లు మార్చడం. వెలుగు చోటుతో పాటు కాక బల్బుతో పాటు కదిలిందంటే తేడా బల్బుదే. సమాంతరంగా కలిపినప్పుడు పుస్తకం ప్రకారం ఒక బల్బు వెలుగు ఇంకో బల్బు చేర్చినా తగ్గకూడదు. పాత బ్యాటరీ అయితే దాని అంతర్నిరోధం వల్ల కళ్లకు తెలిసేంత తగ్గుతుంది. ట్యూటర్ ముందురోజే ఒకసారి కలిపి చూసుకోకపోతే తప్పుడు పాఠమే కళ్ల ముందు రుజువవుతుంది. ఎల్‌ఈడీలు ఈ ప్రయోగానికి పనికిరావు, వాటి లెక్కే వేరు.

కొన్ని భావనలు కంటితో కాక కండరంతోనే అందుతాయి. కోణీయ ద్రవ్యవేగం అలాంటిది. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో, తిరుగుతున్న సైకిల్ చక్రాల ఇరుసును చేతులతో పట్టుకుని వంచి చూసినవాళ్లు, పక్కన నిలబడి చూసినవాళ్ల కంటే తర్వాతి పరీక్షలో మెరుగ్గా చేశారు. చక్రం వంగనని ఎదురుతిరిగే ఆ తీరు చేతికి తెలిశాక, టార్క్ (తిప్పే బలం) అన్న మాటకు ఒక అనుభవం తోడవుతుంది.

ఇంతవరకు చదివి, ప్రతిదీ చేతికి ఇచ్చేయడమే మంచిదని అనుకుంటే మాత్రం దెబ్బతింటారు. 2008లో కమిన్‌స్కీ, స్లౌట్‌స్కీ, హెక్లర్ 'సైన్స్' పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో ఒక గణిత నియమాన్ని కొందరికి కొలత కప్పుల బొమ్మలతో, కొందరికి అర్థంలేని గుర్తులతో నేర్పారు. అదే నియమాన్ని కొత్త సందర్భంలో వాడాల్సి వచ్చినప్పుడు గుర్తులతో నేర్చుకున్నవాళ్లే ముందున్నారు. వస్తువు ఎంత ఆకర్షణీయంగా ఉంటే ధ్యాస అంతగా వస్తువుకే అతుక్కుపోతుంది. రంగురంగుల ముక్కలతో భిన్నాలు చక్కగా కలిపే పిల్లలు కాగితం మీద 1/2, 1/3 కలపమంటే 2/5 రాయడం అందుకే. వాళ్లు నేర్చుకున్నది ముక్కలు పేర్చడం.

దీనికి విరుగుడు వస్తువులను మానేయడం కాదు, మెల్లగా తప్పించడం. ముందు వస్తువు, తర్వాత దాని బొమ్మ, ఆ తర్వాతే గుర్తులు అన్న వరస జెరోమ్ బ్రూనర్ 1960లలోనే చెప్పారు. రెండు సంఖ్యల మొత్తాన్ని వర్గం చేయడం నేర్పాలంటే, ఒక చదరాన్ని గీసి, పక్కలను 5, 2గా విభజించి, నాలుగు ముక్కలుగా కత్తిరించమనాలి: 25, 4, రెండు పదులు. మరుసటి క్లాసులో కత్తెర ఉండదు, చేత్తో గీసిన బొమ్మ మాత్రమే. ఆ తర్వాత బొమ్మ కూడా లేకుండా సూత్రం. ఎప్పుడైనా విద్యార్థి మధ్యలోని రెండు ముక్కలు మర్చిపోయి 25, 4 మాత్రమే కలిపితే, "ఆ బొమ్మలో ఖాళీగా మిగిలిన చోటు ఎంత?" అన్న ఒక్క ప్రశ్న చాలు. వస్తువు బల్ల మీద లేకపోయినా విద్యార్థి తలలో ఉండాలి. చాలా ట్యూషన్లు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయి దాన్నే కొత్త పద్ధతి అని చెప్పుకుంటాయి. ఇంకా ఎక్కువ ట్యూషన్లు నేరుగా మూడో మెట్టు ఎక్కించేస్తాయి. ఇలా నేరుగా ఎక్కించడమే ఎక్కువ నష్టం చేస్తుంది.

వివరించకుండా ఉండటానికీ ఒక హద్దు ఉంది. బొత్తిగా తెలియని అంశంలో ఒంటరిగా తంటాలు పడమనడం దండగ. స్వెల్లర్, కూపర్ 1985లోనే బీజగణితంలో చూపించినట్టు, కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు పూర్తిగా చేసిన లెక్కలు చదివించడం, ఊరికే లెక్కలిచ్చి చేయమనడం కంటే తక్కువ సమయంలో ఎక్కువ నేర్పుతుంది. పరిచయం పెరిగేకొద్దీ అదే సహాయం అడ్డంకి అవుతుంది. కాబట్టి మొదట ట్యూటర్ చేసి చూపించిన ఒక లెక్క, తర్వాత చివరి రెండు లైన్లు ఖాళీగా వదిలిన ఒక లెక్క, ఆ తర్వాత మొదటి లైను మాత్రమే ఇచ్చిన ఒక లెక్క, చివరికి ఏమీ లేని ఒక లెక్క. ట్యూటర్ పెన్ను పట్టుకోవాల్సిన చోటు ఇదే, ఆ మొదటి లెక్క దగ్గర. అప్పుడు కూడా లైను లైనుకూ "ఇది ఎక్కడినుంచి వచ్చింది?" అని విద్యార్థి చేత చెప్పించాలి.

ఇంత తెలిసీ ఈ పద్ధతి ఎందుకు అరుదు? చూసేవాళ్లకు ఇది బాగోనట్టు కనిపిస్తుంది, అదే పెద్ద కారణం. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ తరగతుల్లో జరిగిన ఒక ప్రయోగంలో, స్వయంగా లెక్కలు చేస్తూ నేర్చుకున్నవాళ్లు పరీక్షలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు. అయినా తాము తక్కువ నేర్చుకున్నామనే అనుకున్నారు. సాఫీగా సాగిన ఉపన్యాసం విన్నవాళ్లు ఎక్కువ నేర్చుకున్నామనుకున్నారు, నేర్చుకున్నది తక్కువ. తలనొప్పి తెచ్చిన గంట ఎవరికీ నచ్చదు. ఇంటికి వచ్చిన పిల్లలు "సార్ ఏమీ చెప్పట్లేదు, అన్నీ నన్నే చేయమంటున్నారు" అంటారు. తల్లిదండ్రులకు టెన్షన్ మొదలవుతుంది, పరీక్ష దగ్గర పడుతుంటే మరీను. చాలామంది మంచి ట్యూటర్లు ఇక్కడే లొంగిపోయి పెన్ను చేతిలోకి తీసుకుంటారు. దానికి బదులు మొదటి రోజే ఈ సంగతి ఇంట్లోవాళ్లకు, విద్యార్థికి విడమరిచి చెప్పడం, నెలకోసారి పాత నోటుబుక్కు తెరిచి అప్పుడు ఆగిన లెక్కను ఇప్పుడు మళ్లీ చేయించి చూపించడం మేలు. నమ్మకం కుదిరేది అలాంటి రుజువుతోనే.

ఏఐ చాట్‌బాట్‌లు వచ్చాక ఈ ప్రశ్న ఇంకా పదునెక్కింది. టర్కీలో ఒక ఉన్నత పాఠశాలలో దాదాపు వెయ్యిమంది విద్యార్థులతో గణితంలో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. మామూలు చాట్‌బాట్ చేతిలో ఉన్నప్పుడు పిల్లలు ప్రాక్టీస్ లెక్కలు బాగా చేశారు. అది తీసేసి పరీక్ష పెడితే, అసలు దాన్ని వాడనివాళ్ల కంటే 17 శాతం వెనకబడ్డారు. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా ఉపాధ్యాయుల సాయంతో తీర్చిదిద్దిన మరో రకం వాడినవాళ్లకు ఆ నష్టం చాలావరకు తప్పింది. అడిగిన వెంటనే పూర్తి జవాబు ఇచ్చే మనిషి ట్యూటర్ దగ్గరా జరిగేది ఇదే.

ఆన్‌లైన్ ట్యూషన్‌కు వస్తే, ట్యూటర్ స్క్రీన్ విద్యార్థికి కనిపించడం కంటే విద్యార్థి కాగితం ట్యూటర్‌కు కనిపించడం ముఖ్యం. ఫోన్‌ను పుస్తకాల దొంతర మీద ఆనించి, కెమెరా నోటుబుక్కు వైపు తిప్పితే సరిపోతుంది. పరికరాలు లేనిచోట కొలరాడో యూనివర్సిటీలో కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లు, అంటే కంప్యూటర్ తెర మీద చేసే ప్రయోగాలు, ఉచితంగా దొరుకుతాయి. మౌస్ ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న అక్కడా వర్తిస్తుంది.

ట్యూషన్ ఎప్పుడు ఆపాలో చాలామంది ఆలోచించరు, అది మొదటినుంచీ మనసులో ఉండాల్సిన విషయం. మార్కులు పెరగడం ఒక్కటే గుర్తు కాదు. జవాబు రాగానే ఎవరూ చెప్పకుండానే దాన్ని వెనక్కి సమీకరణంలో పెట్టి చూసుకుంటున్నాడా? కారు వేగం సెకనుకు 400 మీటర్లని వస్తే ఆగి అనుమానపడుతున్నాడా? ఘర్షణ సున్నా అయితే తన సూత్రం ఏమవుతుందో పరీక్షిస్తున్నాడా? ఈ మూడు అలవాట్లు కనిపించాక వారానికి రెండు క్లాసులను ఒకటి చేయొచ్చు, తర్వాత పదిహేను రోజులకు ఒకటి. ఆ క్లాసుకు విద్యార్థే తను ఎక్కడ ఆగిపోయాడో గుర్తుపెట్టుకుని వస్తాడు, ఏ లైను దగ్గర, ఏం ప్రయత్నించాక. ట్యూటర్ ముందుగా ఏమీ సిద్ధం చేసుకోవాల్సిన పని లేదు.